రొయ్యలు పడని నాన్నకు డై పడుతుందా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. మా నాన్నకు 64 ఏళ్ళు. పన్నెండేళ్ళుగా షుగరు, మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటున్నారు. రెండు నెలలుగా పైకడుపులో నొప్పి, బరువు కూడా తగ్గారు. తిరుపతిలో చూపిస్తే డై ఎక్కించి సీటీ స్కాన్ తీయాలన్నారు. కిడ్నీల కోసం చేసిన రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.4 వచ్చింది. నాన్నకు రొయ్యలు పడవు, తింటే ఒళ్ళంతా దద్దుర్లు. డైలో అయోడిన్ ఉంటుందని, రొయ్యలు పడనివాళ్ళకు అది ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుందని మా బావ అంటున్నాడు. మా వీధిలో ఒకాయనకు డై ఎక్కించిన తర్వాతే కిడ్నీలు పోయి డయాలసిస్ పడిందని ఇంకొకరు. డై లేకుండా ప్లెయిన్ తీయిస్తే సరిపోదా? ఇంకో మాట. రెండేళ్ళ కిందట నాకు తలకు డైతో ఎంఆర్ఐ తీశారు. అప్పుడు చంటిబిడ్డకు పాలిస్తున్నాను. ఆ డైలోని లోహం మెదడులో ఉండిపోతుందని వాట్సాప్‌లో చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు.
— ఒక కూతురు, పాకాల

జవాబు:

అమ్మా,

ముందు ఒక మాట చెప్పి తర్వాత మిగతావి మాట్లాడుకుందాం. నాన్నగారి స్కాన్ వాయిదా వేయకండి. అరవై దాటిన మనిషికి రెండు నెలలుగా పైకడుపులో నొప్పి, దానికి తోడు బరువు తగ్గడం. ఏమీ లేకపోవచ్చు. ఉంటే మాత్రం ఇప్పుడే తెలియాలి. మీ ఉత్తరంలో రొయ్యల గురించి, కిడ్నీల గురించి అంత రాసి, బరువు తగ్గడం గురించి ఒక్క ముక్క రాశారు. నాకు టెన్షన్ పెట్టింది ఆ ఒక్క ముక్కే.

ప్లెయిన్ సరిపోదా అన్నారు. కొన్నిటికి బ్రహ్మాండంగా సరిపోతుంది. కిడ్నీలో రాయి ఉందా, తలకు దెబ్బ తగిలితే లోపల రక్తం చేరిందా అని చూడటానికి డై అక్కర్లేదు. ఎవరైనా అడిగినా మేమే వద్దంటాం. పైకడుపు సంగతి వేరు. కాలేయం, క్లోమం, వాటి పక్కనుంచి పోయే రక్తనాళాలు అన్నీ ప్లెయిన్ సీటీలో ఇంచుమించు ఒకే బూడిదరంగులో కనిపిస్తాయి. చంద్రగిరి దగ్గర స్వర్ణముఖి ఎండిపోయి ఉన్నప్పుడు చూశారు గదా, అంతా ఇసకే. ఏ పాయ ఎటు పోతుందో, ఎక్కడ అడ్డం పడిందో నీళ్ళొస్తే గానీ తెలియదు. డై పని ఆ నీళ్ళ పనే. అయోడిన్ బరువైన మూలకం, ఎక్స్‌రేను గట్టిగా ఆపుతుంది. కాబట్టి రక్తం వెళ్ళిన చోటల్లా తెల్లగా కనిపిస్తుంది. సూది మొదలైన అర నిమిషానికి ధమనులు, డెబ్బై సెకన్లు దాటేసరికి కాలేయమంతా. కాలేయంలో కొన్ని గడ్డలు ఆ మొదటి అర నిమిషంలో వెలిగి, తర్వాత వెలవెలబోతాయి. అది ఏ రకం గడ్డో పోల్చుకోవడానికి ఆ తేడాయే మాకు ఆధారం. మీరు పట్టుబట్టి ప్లెయిన్ తీయించుకుంటే, చాలాసార్లు చివర్లో ‘డైతో మళ్ళీ తీయించవలెను’ అని రాయాల్సి వస్తుంది. ఖర్చు రెండుసార్లు, రేడియేషన్ రెండుసార్లు.

ఇక రొయ్యలు. మీ బావగారి మీద నాకు కోపమేమీ లేదు. ఈ మాట చాలాకాలం డాక్టర్లే చెప్పారు, ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. రొయ్యల్లో అయోడిన్ ఉంది, డైలో అయోడిన్ ఉంది, కాబట్టి ఒకటి పడకపోతే రెండోదీ పడదని లెక్క కట్టారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ రొయ్యలు తిన్నప్పుడు దద్దుర్లు తెప్పించేది అయోడిన్ కాదు, రొయ్య కండలో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రొటీను. అది డైలో లేదు. అయోడినే పడకపోతే మీ నాన్నగారు ఇన్నేళ్ళుగా అయోడిన్ కలిపిన ప్యాకెట్ ఉప్పు వేసిన పప్పు తిని ఎలా బతికారు? థైరాయిడ్ హార్మోనులోనే అయోడిన్ ఉంటుంది. అది పడని ఒళ్ళంటూ ఉండదు. పుండు మీద పూసే బెటాడిన్ పడకపోవడం కూడా ఇలాంటిదే, దానికీ డైకీ చుట్టరికం లేదు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఏ రకమైన అలర్జీ ఉన్నవాళ్ళకైనా, ఆస్తమా ఉన్నవాళ్ళకైనా, డైకి రియాక్షన్ వచ్చే అవకాశం మామూలు వాళ్ళకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. రొయ్యలైనా పల్లీలైనా ఒకటే లెక్క. మరి అసలు లెక్క ఎంత చిన్నదో చూడండి. 1990లో జపాన్‌లో మూడు లక్షల ముప్పై ఏడు వేలకు పైగా స్కాన్లను లెక్కించి చూశారు. పాత రకం డైతో నూటికి 12 మందికి పైగా ఏదో ఒక ఇబ్బంది పడ్డారు. కొత్త రకంతో నూటికి ముగ్గురు. తీవ్రమైన రియాక్షన్ పాతదానితో పదివేల మందిలో 22 మందికి వస్తే, కొత్తదానితో నలుగురికి. దాన్ని రెండు మూడు రెట్లు చేసినా, స్కాన్ మానేయాల్సినంత పెద్ద అంకె కాదు. అందుకే రొయ్యలు పడవన్న ఒక్క కారణంతో డై మానేయడం గానీ, ముందుగా స్టెరాయిడ్ మాత్రలు ఇవ్వడం గానీ అక్కర్లేదని ఇప్పటి పద్ధతి.

పాత డైతో పని నేర్చుకున్నవాణ్ణి నేను. కిడ్నీల ఎక్స్‌రేకు అది ఎక్కించేటప్పుడు వాంతికి ట్రే చేతిలో పట్టుకునే పక్కన నిలబడేవాళ్ళం. ఒళ్ళంతా మంట అని అరిచేవారు. ఆ రోజుల్లో డై ఎక్కించుకున్నవాళ్ళు ఇళ్ళకు పోయి చెప్పిన కథలే ఈనాటికీ ఊళ్ళలో తిరుగుతున్నాయని నా అనుమానం. దాని గాఢత రక్తం కన్నా అయిదారు రెట్లు ఉండేది. ఇది మార్చాలని పట్టుబట్టినవాడు స్వీడన్‌కు చెందిన టోర్‌స్టెన్ అల్మేన్ అనే డాక్టరు. ఉప్పు ఎక్కువున్న సముద్రంలో ఈదుతూ కళ్ళు తెరిస్తే మండేవట, ఉప్పు తక్కువున్న బాల్టిక్ సముద్రంలో మండేవి కావట. మంట గాఢతదేనని ఆయనకు తట్టింది. అక్కడి నుంచి పుట్టినవే ఇప్పుడు మనం వాడే ఐయోహెక్సాల్ లాంటి డైలు. వీటి గాఢత రక్తం కన్నా రెండు మూడు రెట్లే. ఐయోడిక్సనాల్ అనే దానిదైతే రక్తంతో సమానం.

కాబట్టి స్కాన్ గదిలో రొయ్యల సంగతి చెప్పండి, తప్పులేదు. కానీ అంతకన్నా ముఖ్యంగా చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. ఇంతకు ముందు ఎప్పుడైనా డై ఎక్కించారా, యాంజియోగ్రామ్ చేశారా, అప్పుడు దద్దుర్లు గానీ ఆయాసం గానీ వచ్చాయా? ఇది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. ఒకసారి రియాక్షన్ వచ్చినవాళ్ళకు మళ్ళీ వచ్చే అవకాశం సుమారు అయిదు రెట్లు ఎక్కువ. అలాంటివాళ్ళకు వేరే డై వాడతాం, ముందుగా మందులిస్తాం, లేదా ఇంకో పరీక్ష చూస్తాం. ఆస్తమా ఉందా? థైరాయిడ్ ఎక్కువగా పనిచేసే జబ్బు ఉందా? ఇవి సంతకం పెట్టే కాగితం మీద ఉంటాయి. చాలాచోట్ల ఆ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, మనవాళ్ళు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేస్తారు. మీరు పక్కన నిలబడి చదివించుకోండి. సిగ్గుపడాల్సిన పని కాదు.

‘టెస్ట్ డోస్ వేసి చూస్తారు గదా’ అని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మకండి. చర్మం కింద చుక్క డై వేసి పావుగంట చూడటం మన దగ్గర పాత అలవాటు. చుక్కకు ఏమీ కాని మనిషికి తర్వాత రియాక్షన్ రావచ్చు, చుక్కకే తీవ్రమైన రియాక్షన్ వచ్చినవాళ్ళూ ఉన్నారు. దానికన్నా రెండు ప్రశ్నలు అడగండి. డై ఎక్కించేటప్పుడు డాక్టరు అక్కడే ఉంటారా? అడ్రినలిన్ ఇంజెక్షన్ చేతికందేలా ఉందా? తీవ్రమైన రియాక్షన్‌కు తొడకు వేసే ఆ సూదే ప్రాణం కాపాడే మందు. అవునని చెప్పిన చోట చేయించండి.

కిడ్నీల భయం రొయ్యల భయం లాంటిది కాదు. ఇందులో కొంత నిజముంది. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

క్రియాటినిన్ 1.4 అని రాశారు. ఆ అంకె ఒక్కటీ చూసి ఏమీ చెప్పలేం. వయసు, ఆడా మగా కలిపి లెక్క కడితే ఈజీఎఫ్ఆర్ అనే అంకె వస్తుంది, కిడ్నీలు నిమిషానికి ఎంత వడకడుతున్నాయో చెప్పేది. 64 ఏళ్ళ మగవాడికి 1.4 అంటే అది సుమారు 56. అదే వయసు ఆడమనిషికి అదే 1.4 ఉంటే 42 దాకా పడిపోతుంది. అందుకే ‘పక్కింటామెకు కూడా ఇంతే ఉంది’ అనే పోలికలు పనికిరావు. డై విషయంలో మేం నిజంగా ఆగి ఆలోచించేది 30 కన్నా తగ్గితే. లేదా ఈమధ్యనే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతిని ఉంటే. 56 దగ్గర, వేరే ఇబ్బంది లేకపోతే, చేతి నరం ద్వారా ఎక్కించే డైకి భయపడనక్కర్లేదు. ఒకటే షరతు. ఆ 1.4 ఎప్పటిది? ఆరు నెలల కిందటి రిపోర్టు అయితే పక్కన పెట్టి, ఈ వారంలో మళ్ళీ చేయించండి.

మరి మీ వీధిలో ఆయన సంగతి? ఆయనకు ఏం జరిగిందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. కానీ ఇలాంటి కథ ఎలా తయారవుతుందో చెప్పగలను. అత్యవసరంగా డై స్కాన్ ఎవరికి తీస్తారు? జ్వరంతో, ఇన్ఫెక్షన్‌తో, బీపీ పడిపోయి, వాంతులతో ఒంట్లో నీళ్ళు తగ్గిపోయి వచ్చినవాళ్ళకు. వాళ్ళ కిడ్నీలు అప్పటికే జారుడుబండ మీద ఉంటాయి. మూడో రోజు క్రియాటినిన్ పెరిగితే ఇంట్లోవాళ్ళకు గుర్తుండేది స్కాన్ గదే. మేమూ ఏళ్ళ తరబడి అలాగే అనుకున్నాం. పాత పరిశోధనలన్నీ డై ఎక్కించినవాళ్ళనే చూశాయి, ఎక్కించని రోగులతో పోల్చలేదు. పైగా వాటిలో చాలావరకు గుండె యాంజియోగ్రామ్‌లు, అక్కడ డై ధమనిలోకి నేరుగా పోతుంది. తర్వాత ఒకే రకం జబ్బు మనుషుల్లో డై ఎక్కినవాళ్ళనూ, ప్లెయిన్ తీసినవాళ్ళనూ పక్కపక్కన పెట్టి చూస్తే, చాలామందిలో క్రియాటినిన్ పెరుగుదల రెండు పక్కలా ఇంచుమించు ఒకేలా కనిపించింది. అమెరికా రేడియాలజీ కాలేజీ, అక్కడి కిడ్నీ ఫౌండేషన్ కలిసి 2020లో ఇదే చెప్పాయి: ఈ ముప్పును ఇన్నాళ్ళూ ఎక్కువ చేసి చూశాం, ఈజీఎఫ్ఆర్ 30 లోపు ఉన్నవాళ్ళ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరమే. అలాంటివాళ్ళకు ముందూ వెనకా సెలైన్ ఎక్కిస్తారు.

నాన్నగారి కిడ్నీలకు నిజంగా చేటు చేసేవి ఇంట్లోనే ఉండవచ్చు. మోకాళ్ళ నొప్పులకని మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వేసుకుంటున్నారా? అడిగితే లేదంటారు, చొక్కా జేబు చూడండి. స్కాన్‌కు ముందూ తర్వాతా అవి వద్దు. ఆ మాటకొస్తే తర్వాత కూడా డాక్టరును అడగకుండా వద్దు.

రెండోది నీళ్ళు. పరగడుపున రమ్మంటే మనవాళ్ళు ముందురోజు రాత్రి నుంచే గుక్కెడు నీళ్ళు కూడా ముట్టరు. తెల్లవారుజామున బయలుదేరి, తిరుపతిలో దిగి, ఎండలో టోకెను కోసం నిలబడి, పదకొండు గంటలకు వంతు వచ్చేసరికి నోరు పిడచకట్టుకుపోయి ఉంటుంది. అలాంటి ఒంట్లోకి డై ఎక్కించడం మంచిది కాదు. ఆహారం మానమన్నారు గానీ నీళ్ళు మానమన్నారా అని ఫోనులో అడిగి తెలుసుకోండి. చాలావరకు నీళ్ళు తాగవచ్చు. కడుపు స్కాన్‌కు ఎలాగూ అక్కడ లీటరు దాకా తాగిస్తారు. స్కాన్ అయ్యాక ఆ రోజంతా మామూలుకన్నా ఎక్కువ తాగితే చాలు. గుండె జబ్బుకో కాళ్ళ వాపుకో నీళ్ళు తగ్గించమని ఎవరైనా చెప్పి ఉంటే మాత్రం ఆ డాక్టరు మాటే వినండి. కిడ్నీలు బాగుంటే డై దాదాపు అంతా ఒక రోజులో మూత్రంలో పోతుంది, రంగేమీ మారదు. డై అనే పేరే గానీ అది నీళ్ళలా ఉంటుంది.

మెట్‌ఫార్మిన్ గురించి మీరు అడగలేదు, స్కాన్ సెంటరు వాళ్ళు తప్పకుండా అడుగుతారు. ఆ మాత్రకూ డైకీ నేరుగా గొడవ లేదు. కిడ్నీ మందగిస్తే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుని రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరుగుతుందని భయం. ఈజీఎఫ్ఆర్ 30 పైన ఉన్నవాళ్ళు ఆపనక్కర్లేదని ఇప్పటి సలహా. అయినా చాలాచోట్ల స్కాన్ నాటి నుంచి 48 గంటలు అందరినీ ఆపమంటారు. అలా అన్నారంటే ఆపేయండి, దానికోసం కౌంటరు దగ్గర వాదన వద్దు. కానీ ఆ రెండు రోజులు షుగరు ఎలా చూసుకోవాలో ఆయన డాక్టరును అడగండి. ‘షుగరు మాత్రలు ఆపమన్నారు’ అని అన్నీ కట్టగట్టి అటకెక్కించేవాళ్ళను చూశాను. పరగడుపున ఉండి ఇన్సులిన్ వేసుకుని వచ్చి బెంచీ మీదే కళ్ళు తిరిగి పడినవాళ్ళనూ చూశాను. వంతు పొద్దున్నే ఇమ్మని అడగండి, షుగరు ఉన్నవాళ్ళకు ఇస్తారు.

లోపల ఏమవుతుందో నాన్నగారికి ముందే చెప్పి పంపండి, సగం భయం పోతుంది. చేతి నరానికి క్యాన్యులా అనే సన్న గొట్టం పెడతారు. మిషనే డైని తోస్తుంది, సెకనుకు మూడు నాలుగు ఎంఎల్ వేగంతో, మొత్తం 80 నుంచి 100 ఎంఎల్. గొంతులోంచి పొత్తికడుపు దాకా వేడి పాకినట్టుంటుంది, నోట్లో ఇనుము నాకినట్టు రుచి, పంచెలో మూత్రం పడిపోయిందేమోననిపిస్తుంది. పడదు. ఆ అనుమానం అందరికీ వస్తుందని చెప్పండి, పాపం పెద్దవాళ్ళు సిగ్గుతో బిగుసుకుపోయి కదిలిపోతారు, బొమ్మ చెడుతుంది. ఇవన్నీ నిమిషంలో పోతాయి, రియాక్షన్ కిందికి రావు. సూది దగ్గర నొప్పి, వాపు వస్తే మాత్రం వెంటనే చెయ్యి ఎత్తమనండి, డై నరం బయటికి పోతుండవచ్చు. దురద, గొంతు పట్టేసినట్టు ఉండటం, ఆయాసం వస్తే అప్పుడే చెప్పాలి. స్కాన్ అయ్యాక అరగంట అక్కడే కూర్చోబెట్టండి, బస్సు పోతుందని లేవనీయకండి. ఇంటికొచ్చాక రెండు మూడు రోజులకు దద్దుర్లు కనిపించడం కూడా అప్పుడప్పుడూ ఉంటుంది. ఎక్కువగా వాటంతటవే తగ్గుతాయి. కానీ నోట్లో పుండ్లు, జ్వరం, తోలు ఊడటం ఉంటే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇక మీ ఎంఆర్ఐ సంగతి. ఆ డైలో అయోడిన్ ఉండదు, గాడోలినియం అనే లోహం ఉంటుంది. వాట్సాప్ సందేశం పూర్తి అబద్ధం కాదు. ఆ లోహాన్ని వట్టిగా ఎక్కించరు, ఒక అణువు పంజరంలో పెట్టి ఎక్కిస్తారు. పంజరాలు రెండు రకాలు. ఒకటి పక్కన తెరిచి ఉన్నట్టుండేది, ఇంకొకటి చుట్టూ మూసుకున్నది. తెరిచిన రకంలో లోహం కాస్త జారుతుంది. 2006లో కిడ్నీలు పూర్తిగా చెడినవాళ్ళలో చర్మం బిగుసుకుపోయే ఒక భయంకరమైన జబ్బుకు దీనితో సంబంధం ఉందని తేలింది. 2014లో జపాన్ డాక్టర్లు, పదే పదే ఈ డై ఎక్కించుకున్నవాళ్ళ మెదడు బొమ్మల్లో దాని జాడ చూశారు. 2017లో ఐరోపా మందుల సంస్థ తెరిచిన రకాల్లో చాలావాటిని ఆపించింది. మెదడులో మిగిలిన ఆ కొద్ది జాడ వల్ల మెదడుకు హాని జరిగినట్టు ఇంతవరకూ రుజువు కాలేదు. మీకు కిడ్నీ జబ్బేమీ ఉన్నట్టు రాయలేదు, ఎక్కించింది ఒక్కసారి. నిద్ర పోగొట్టుకోవలసిన విషయం కాదమ్మా. మళ్ళీ ఎప్పుడైనా అవసరమైతే గాడోబ్యుట్రాల్, గాడోటెరేట్ లాంటి మూసిన రకం అడగండి. గర్భంతో ఉంటే ముందే చెప్పండి, అప్పుడు తప్పనిసరి అయితే తప్ప వాడరు. లోహాన్ని బయటికి లాగుతామని డీటాక్స్ పేరుతో ఎవరైనా సెలైన్లు అమ్మజూపితే దగ్గరికి పోకండి.

పాలిచ్చిన సంగతికీ బాధ వద్దు. తల్లికి ఎక్కించినదాంట్లో నూటికి ఒక వంతు కన్నా తక్కువే పాలలోకి వస్తుంది. అందులోనూ నూటికి ఒక వంతు లోపే బిడ్డ కడుపు పీల్చుకుంటుంది. సీటీ డైకీ దాదాపు ఇదే లెక్క. ఒక రోజు పాలు పిండి పారబోయమని చెప్పే అలవాటు ఇంకా ఉంది గానీ, అవసరం లేదు.

స్కాన్ అయ్యాక సెంటరులో ఒక పని చేయించండి. ఏ డై వాడారో దాని పేరు, ఎన్ని ఎంఎల్, తేదీ, ఏ ఇబ్బందీ రాలేదా లేక ఏం వచ్చింది అన్నది రిపోర్టు మీదే రాసివ్వమనండి. ఆ కాగితాన్ని ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. రేపు తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనో వేలూరులోనో మళ్ళీ డై ఎక్కించాల్సి వస్తే, మేం మొదట అడిగేది అదే. ‘ఏదో సూది వేశారు, ఏదో అయింది’ అంటే ఏ డైని పక్కన పెట్టాలో ఎవరికీ తెలియదు.

రిపోర్టు వచ్చాక అర్థం కానిది ఉంటే మళ్ళీ రాయండి. రొయ్యలు మాత్రం నాన్నగారికి పెట్టకండి. అవి పడవని మనకు తెలుసు గదా.